పక్కవాడికి చెప్పాల్సిన నిజం

నాచారం,
ఆదివారం సాయంత్రం

నా పృథ్వీకి,

పైన 'నా' అని అలవాటు కొద్దీ రాశాను. కొట్టేద్దామనుకుని ఆగాను. ఉత్తరం చదివాక అది ఉండాలో వద్దో నువ్వే చెప్పు.

ఫోన్ చేయొచ్చు కదా అంటావు. ఫోన్‌లో నీ గొంతు వింటే మళ్ళీ నమ్మేస్తాను. పెళ్లయిన ఈ మూడేళ్లూ నేను చేసింది అదే. అందుకే కాగితం తీసుకున్నాను.

స్కూలు లేని ఆదివారాలు హబ్సిగూడ కోచింగ్ సెంటర్‌లో ఇంగ్లీషు చెబుతున్నాను కదా, ఆర్మీ పరీక్షలు రాసే పిల్లలకు. ఇవాళ వాళ్లతో మాట్లాడటానికి ఒక రిటైర్డ్ సుబేదారు వచ్చాడు. పేరు విశ్వనాథం. వాళ్లది కోస్తా. ఉప్పల్‌లో కొడుకు దగ్గర ఉంటున్నాడట. పొట్టిగా, సన్నగా, ఇస్త్రీ చొక్కాలో బ్యాంకు క్యాషియర్‌లా ఉన్నాడు. ప్రత్యేక దళంలో కొత్తవాళ్లను తయారుచేసిన మనిషంటే పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. నేను వెనక బెంచీలో కూర్చున్నాను.

"కమాండో అంటే కండలనుకుంటున్నారు కదూ," అని మొదలుపెట్టాడు. "కండలున్నవాడు మొదటి వారంలోనే పెట్టె సర్దుకుని పోవడం నేను చాలాసార్లు చూశాను. మాకు కావాల్సిన మనిషి వేరు. తడిసి, ఆకలేసి, నిద్ర లేనప్పుడు కూడా పక్కవాడి మీద విసుక్కోనివాడు. పొద కింద కదలకుండా పడుకోమంటే రోజంతా పడుకునేవాడు. భయం ఉండాలి, మొహంలోకి రాకూడదు. ఎంత పెద్ద పని చేసినా చెప్పుకోకూడదు. ఊళ్లో నిన్ను పనికిరానివాడంటే నవ్వి ఊరుకోవాలి. మెచ్చుకోలు కావాలనేవాడు మాకొద్దు."

"అన్నిట్ల ముఖ్యమైంది ఏంది సార్?" అని ఒక పిల్లవాడు అడిగాడు.

ఆయన "నిజం చెప్పడం," అన్నాడు. పిల్లలు నవ్వారు. "నవ్వకండి. లోకానికి కాదు, పక్కవాడికి. కాలు బెణికితే బెణికిందని చెప్పాలి. దాచుకుని నడిచావా, నీవల్ల వాడు చస్తాడు. బలం చాలనివాడికి ఇంకో అవకాశం ఇస్తాం. పక్కవాడికి అబద్ధం చెప్పినవాడికి ఇవ్వం."

నాకు నాన్న గుర్తొచ్చాడు. కళ్లు తడయ్యాయి కూడా. నీది రేషన్ పనే కదా, నా ఇంట్లో ఆ భయం లేదులే అనుకుని చెంగుతో తుడుచుకున్నాను.

తర్వాత టీ తాగుతుంటే సెంటర్ వాళ్లు, "మేడమ్ వాళ్లాయన కూడా ఆర్మీయే సార్," అన్నారు. నేను ఎప్పుడూ చెప్పేదే చెప్పాను. సప్లై డిపో, రేషన్ పని. అప్పుడే ఏదో మెసేజ్ వచ్చి బల్ల మీద నా ఫోన్ వెలిగింది. తెర మీద నీ ఫొటో.

"అరె, మా పృథ్వీ! నీ ఇంటాయనా? వీడికి నేనే ఉస్తాదునమ్మా. నా చేతిలో తయారైనవాళ్లలో వీడంతటి..." అంటూ నా మొహం చూసి ఆగిపోయాడు. గ్లాసు కింద పెట్టాడు. "తల్లీ, నీకు తెలీదా?"

నేను బ్యాగు తీసుకుని లేచాను.

నాచారం దాకా షేర్ ఆటోలో వస్తూ ఆయన చెప్పిన గుణాలన్నీ ఒక్కొక్కటీ మన ఇంట్లో పెట్టి చూసుకున్నాను. అన్నీ సరిపోయాయి. పోయిన ఏడాది భుజానికి కట్టుతో వచ్చి, బియ్యం బస్తా జారి పడిందన్నావు. నేను నూనె రాస్తూ, "బస్తా గెలిచిందా, నువ్వు గెలిచావా?" అని ఆటపట్టించాను. మామయ్య గల్లీ అంతా వినేలా, "పక్కింటోళ్ల పిల్లగాడు బార్డర్ల తుపాకి పట్టిండు, మనోడు తక్కెడ పట్టిండు" అన్నాడు. నువ్వు నవ్వి, "పిండి లేకుంటే తుపాకి ఎట్ల లేస్తది నాయినా?" అన్నావు. ఆ మాటకు అందరం పొట్ట పట్టుకుని నవ్వాం. అందరికంటే ఎక్కువ నేనే నవ్వాను. ఆ రోజు నా చేతి కింద ఉన్న గాయం దేనిదో ఇప్పటికీ నాకు తెలియదు.

కీసర గుట్ట మీద పెళ్లిచూపుల్లో మొదటిసారి మాట్లాడుకున్నప్పుడు నిన్ను ఒకే ఒక్కటి అడిగాను. మావాళ్లూ మీవాళ్లూ మెట్ల మీద కూర్చున్నారు. నాకు తొమ్మిదేళ్లప్పుడు నాన్న ఇలాంటి దళంలోనే పోయాడని, శవపేటిక మూత కూడా తీయనివ్వలేదని చెప్పాను. "నీ పని అదే అయితే ఇప్పుడే చెప్పు, కోపం తెచ్చుకోను, ఇంటికి పోతాను" అన్నాను. నువ్వు నా కళ్లలోకి చూసి, "నాది రేషన్ పని" అన్నావు. రెప్ప కూడా వేయలేదు.

దేశానికి సంబంధించినవి నాకు చెప్పలేదని నేను ఏడవడం లేదు. ఆ బుద్ధి నాకుంది. నీ పక్కన నడిచే మనిషి ఎవరో నాకు తెలియదు, కానీ నీ కాలు బెణికితే అతనికి తెలుస్తుంది. నేను మూడేళ్లుగా నీ పక్కన పడుకున్నాను. నీ లెక్కలో నేను బయటిదాన్ని.

జవాబు రాయి. ఈసారి రేషన్ సంగతులు వద్దు.

ధనశ్రీ


ఆర్మీ పోస్టు ద్వారా

ధనకు,

నీ ఉత్తరం అందింది. నువ్వు రాసిందంతా నిజం. ఒక్కటి కూడా కాదనను.

నీకు తెలియనిది ఇంకొకటుంది. దాచి దాచి ఇక్కడిదాకా తెచ్చాను కాబట్టి అదీ చెప్పేస్తాను. కీసరకు వెళ్లడానికి ముందే అత్తమ్మ నన్ను రామంతాపూర్ చెరువు కాడికి పిలిచింది. ఫొటోలో నేను నిలబడ్డ తీరు చూసి ఆమెకు అనుమానం వచ్చిందట. "యే యూనిట్ బిడ్డా?" అని అడిగింది. ఆమెకు అబద్ధం చెప్పలేకపోయాను. సంబంధం తప్పిపోయిందనే అనుకున్నాను. నీళ్లకేసి చూస్తూ, "నా బిడ్డకు మాత్రం చెప్పకు" అంది.

ఇది ఆమె మీదికి నెట్టడానికి రాయడం లేదు. ఆమె అనకపోయినా నేను నీకు చెప్పేవాణ్ణి కాదేమో. నువ్వు నాకు కావాలనిపించింది. నిజం చెబితే ఆ మెట్లు దిగి వెళ్లిపోయేదానివి. గుట్ట మీద నేను పడ్డ భయం ఇంకెక్కడా పడలేదు. దాన్ని మొహంలోకి రానివ్వలేదు. ఉస్తాద్ నేర్పిన విద్యను తీసుకొచ్చి నీ మీద వాడాను. ఇదీ నేను చేసిన పని.

మా నాయినకు కూడా తెలియదు. తెలిస్తే ఆయన గర్వం గల్లీ దాటి ఉప్పల్ చౌరస్తా దాకా పోతుంది. అందుకే చెప్పలేదు.

ఇక్కడ మా ఆఫీసర్ సాహెబ్‌ను అడిగాను. దళం వదిలేస్తాను, నిజంగానే డిపోలో వేయండి అన్నాను. ఆలోచిస్తామన్నారు. నీకోసం ఆ మాత్రం చేయగలను. క్షమించమని అడగడానికి మొహం లేదు.

పృథ్వీ


హబ్సిగూడ,
శుక్రవారం

పృథ్వీకి,

నీ ఉత్తరం చదివి నేరుగా అమ్మ దగ్గరికి పోయాను. ఆఫీసు నుంచి అప్పుడే వచ్చి చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. "చెరువు కాడికి ఎవర్ని పిలిచినవే?" అన్నాను. ఆమె చేతులు ఆగాయి. బుకాయించలేదు.

"మీ నాయన చెప్పి పోయేటోడు," అంది. "పోతున్న హైమా అని ప్రతిసారి చెప్పిండు. ఆయన ఒక్కసారి సచ్చిండు బిడ్డా. నేను ఆయన చెప్పిపోయిన ప్రతిసారి సచ్చిన. ఫోన్ మోగితే సచ్చిన, మోగకుంటే సచ్చిన. గా బతుకు నీకొద్దనుకున్న."

"అయితే సంబంధమే వద్దనాల్సింది కదా?"

"ఎట్లంట? ఫొటో జూసి నువ్వు నవ్వినవు. మీ నాయన పోయినంక నీ మొఖంల గసొంటి నవ్వు నేను సూడలే."

ఆ మాటకు కరగాలేమో. కరగలేదు. నువ్వు కాకపోతే అమ్మ, అమ్మ కాకపోతే నువ్వు, నా చుట్టూ గోడ కట్టి లోపల నన్ను కూర్చోబెట్టారు. నేను హాయిగా నిద్రపోతున్నానని ఇద్దరూ సంతోషించారు. నాన్న శవపేటిక దగ్గర కూడా ఇలాగే చేశారు. చిన్నపిల్ల, చూడొద్దన్నారు. ఇప్పుడు నాకు ఇరవై ఎనిమిది. ఇంకా కళ్లు మూస్తూనే ఉన్నారు. ఆమె ఇంట్లో మంచినీళ్లు కూడా తాగకుండా వచ్చేశాను.

హబ్సిగూడలో లేడీస్ హాస్టల్లో చేరాను. నాచారంలో పెట్టె సర్దుతుంటే మామయ్య గడపలో నిలబడి, "ఏంది బిడ్డా, ఏం లొల్లి అయింది?" అన్నాడు. ఆయనకైనా ఇంకో అబద్ధం చెప్పడం నావల్ల కాలేదు. అంతా చెప్పాను. మంచం మీద కూలబడ్డాడు. "గంత మంది ముంగట తిట్టిన. ఒక్కనాడన్న నోరు తెరిసిండా వాడు?" అని కండువాలో మొహం పెట్టుకున్నాడు. కాసేపటికి లేచి, తలుపు దగ్గరికి వేసి, మెల్లగా అన్నాడు: "ఎవ్వలకు చెప్పకు బిడ్డా. వాడొచ్చినంక నేను మునుపటి లెక్కనే తిడత. లేకుంటే గల్లీల ఎరుకైతది."

మీ ఇంటి మగవాళ్లందరికీ ఈ విద్య పుట్టుకతోనే వస్తుందనుకుంటాను. నాకు రాదు. నేర్చుకోను కూడా.

ఇక నీ డిపో సంగతి. నాకోసం దళం వదులుతానన్నావు. నేను అడిగానా? మళ్ళీ నన్ను అడగకుండానే నా గురించి నిర్ణయం చేశావు. నువ్వు నిజంగా బస్తాలు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే, ఏ యుద్ధం వార్త వచ్చినా నీ మొహం చూడలేక నేను తల దించుకోవాలి. పైగా నీ త్యాగం కింద నోరెత్తకుండా బతకాలి. ఆ సుబేదారు నీ పేరు ఎత్తినప్పుడు ఆయన కళ్లు ఎలా వెలిగాయో నేను చూశాను. నువ్వు ఆ పనికే పుట్టావు. ఆ పని చేయి. సాహెబ్‌కు చెప్పి ఆ మాట వెనక్కి తీసుకో.

నాకు కావాల్సింది చిన్నది. ఎక్కడికో చెప్పకు, ఎందుకో చెప్పకు. పోతున్నప్పుడు పోతున్నానని చెప్పు. దెబ్బ తగిలితే తగిలిందను. ఆ భయం నాది. దాన్ని నా దగ్గర్నుంచి ఎత్తుకుపోయే హక్కు నీకూ లేదు, అమ్మకూ లేదు. ఇది చేయగలిగితే రా, మాట్లాడుకుందాం. చేయలేకపోతే నాకోసం హబ్సిగూడ రాకు.

శనివారం

నిన్న ఇంతవరకు రాసి, కవరు అతికించకుండా బ్యాగులో పెట్టుకున్నాను. స్కూలు నుంచి వస్తూ పోస్టులో వేద్దామనుకున్నాను. ఇవాళ ఇంటర్వెల్‌లో నీ ఫోన్ వచ్చింది.

"ధనా, నేను పోతున్న," అన్నావు. "యాడికో చెప్పరాదు. ఎప్పుడొస్తనో నాకే తెల్వదు. జర భయమైతున్నది. నీకు చెప్పి పోవాలనిపించింది."

ఈ ఉత్తరం నీకింకా అందలేదు. అయినా నేను అడగబోయేది నువ్వే చెప్పేశావు. స్టాఫ్‌రూమ్‌లో పిల్లల నోటుపుస్తకాలు ముందు పెట్టుకుని నిలబడ్డాను. ఏదో అనాలి. 'ఊఁ' మాత్రం అన్నాను. నువ్వు కాస్త ఆగి ఫోన్ పెట్టేశావు.

బెల్లు కొట్టారు. పదో తరగతికి పోయి పాఠం చెప్పాను. సుద్దముక్క చేతిలో రెండుసార్లు విరిగింది. సాయంత్రం బస్సు దిగాక చూస్తే రామంతాపూర్‌లో ఉన్నాను. హాస్టల్‌కు పోవాల్సిన కాళ్లు అమ్మ ఇంటికి తీసుకుపోయాయి. అమ్మ తలుపు తీసి నా మొహం చూసింది. ఇంకో కంచం పెట్టింది. ఇద్దరం పక్కపక్కనే కూర్చున్నాం. ఆమె చేయి నా వీపు మీద వేసింది. తీసేయలేదు నేను.

అమ్మ చెప్పింది అబద్ధం కాదు. ఇది చాలా కష్టంగా ఉంది. ఫోన్ మోగినా, మోగకపోయినా. కానీ పృథ్వీ, మళ్ళీ ఆ నిద్రలోకి పొమ్మంటే పోను.

నా కోపం ఏమీ తగ్గలేదు. మూడేళ్ల కోపం ఒక్క ఫోన్‌కు పోతుందనుకోకు. నువ్వు వచ్చాక కూర్చోబెట్టి కొట్లాడతాను, అమ్మతో కూడా కొట్లాడతాను. దానికి నువ్వు నా ఎదురుగా ఉండాలి.

ఈ ఉత్తరం నువ్వు తిరిగొచ్చాకే చదువుతావని తెలుసు. అయినా ఫోన్‌లో అనలేకపోయిన మాట ఇక్కడైనా అంటాను.

పోయి రా.

ధన