ఎర్రచుక్క పురుగు

పిన్నీ,

నీ మోకాలి క్షేమం తర్వాత అడుగుతాను, ముందు క్యాబేజీల క్షేమం మనవి చేసుకోనీ. "నేను ఆసుపత్రి నుంచి వచ్చేలోపు ఒక్క మొక్క పోయినా నీ పని చెప్తా" అన్నావు. ఆరింటిలో నాలుగింటికి ఈనెలే మిగిలాయి. అందుకే ఈ సంజాయిషీ.

రోజూ పొద్దున్నే నలభై గొంగళిపురుగుల్ని ఏరి, డబ్బాలో వేసి, వీధి చివర పారేయమని తాతయ్యకు ఇస్తున్నాను. మర్నాడు మళ్ళీ నలభై! డిగ్రీ చదివిన బుర్ర కదా, అనుమానం వచ్చింది. నిన్న ఒకదాని వీపున నీ గోళ్ళరంగుతో ఎర్రచుక్క పెట్టి పంపాను. ఇవాళ ఆ మహానుభావుడు ఐదో మొక్క మీద ఫలహారం చేస్తూ దర్శనమిచ్చాడు.

తాతయ్యను నిలదీశాను.

"వీధిలో ఏం తింటాయిరా పాపం? మన గోడ పక్కనే వదిలాను."

"మరి పిన్ని మొక్కలు?"

"అది మళ్ళీ నాటుకుంటుందిలే. వీటికి నాటుకోవడం వచ్చా?"

రేపటి నుంచి డబ్బా నేనే మోస్తాను. చుక్కవాణ్ణి మాత్రం ఉంచమని తాతయ్య బతిమాలుతున్నారు, పేరు కూడా పెట్టేశారు. ఆదివారం నువ్వొచ్చేలోపు ఎవరిని కాపాడమంటావో అమ్మ చేత కబురు పంపు: ఐదో మొక్కనా, మీ నాన్ననా?

నీ తోటమాలి