మంచం వైశాల్యం ఎవరిది?

పిడుగూ, నేను కొట్టు తెరవడానికి వెళ్తున్నా. పాలు తాగు, స్కేలు సంచిలో పెట్టుకో.

చుట్టుకొలత, వైశాల్యం కలిసిపోతున్నాయని, ఇవాళ పరీక్షలో తప్పు రాస్తానని రాత్రి ఏడ్చావుగా. మన మంచాన్ని తలుచుకో. నాలుగు అంచుల వెంబడీ కొలిస్తే వచ్చేది చుట్టుకొలత. దుప్పటి పరిచిన చోటంతా వైశాల్యం. రాత్రి ఆ వైశాల్యమంతా నీ కాళ్లూ చేతులే ఆక్రమించాయి. నేను తెల్లవార్లూ చుట్టుకొలత మీద బల్లిలా పాకుతూనే ఉన్నా. పక్కింటి కోడి నా మీద జాలిపడి ముందే కూసింది.

భయపడకుండా రాసిరా.

తాతయ్య

మర్చిపోయా, నీకు వేరే మంచం వేస్తానంటోంది మీ అమ్మ. వద్దన్నాను. నువ్వు కింద పడకుండా చుట్టుకొలత మీద ఒకరుండాలి కదా!