మన గేటు వంగలేదు

ఏమోయ్,

ఇక్కడ నేను బాగానే ఉన్నాను అని రాసి, ఆ కాగితం చించేసి మళ్ళీ మొదలుపెట్టాను. ఇల్లు బాగుంది, మొక్కలు బాగున్నాయి, కింది వాటావాళ్ళు బాగున్నారు. అక్కడ నువ్వూ మా వదినా కులాసా అని తలుస్తాను. నా సంగతి చివర్లో రాస్తాను. నీ అలవాటు ప్రకారం ఆఖరి పేజీ ముందు చూడకు.

నీ ఉత్తరం అందింది. జవాబు ఆలస్యమైంది. 'ఫోన్లో మీతో మాట్లాడటం గోడతో మాట్లాడినట్టే, ఉత్తరమైతే కనీసం నాలుగు ముక్కలు వస్తాయి' అంటావు కదా, ఆ నాలుగు ముక్కలు కూడదీసుకోవడానికి ఇన్నాళ్ళు పట్టింది. వదిన కర్ర లేకుండా వంటింటిదాకా నడిచిందంటే సంతోషం. తుంటి విరిగిన మనిషి నీ కూరలో ఉప్పెక్కువైందని తగువుకు వచ్చిందంటే ఇక భయం లేదు. వంటింటి కుళాయి బాగు చేయించాను. వేళకు తింటున్నాను. రోజువారీ ఖర్చు రాయడం మానలేదు గానీ, గీతల పుస్తకం పక్కన పెట్టి తెల్ల కాగితాల పుస్తకం కొన్నాను. ఎందుకో కింద తెలుస్తుంది.

నువ్వు అడిగిన ఒక్కదానికే జవాబు రాయడానికి చెయ్యి ఆడటం లేదు. 'ఫొటోలో మన గేటు ఎందుకలా వంకరపోయింది? ఏ లారీ అయినా గుద్దిందా? నాకు చెప్పకుండా దాస్తున్నారా?' అని రాశావు. గేటును ఎవరూ గుద్దలేదు. దాస్తున్న మాట మాత్రం నిజం.

గోడౌన్లో స్టాకు లెక్కలు రాసినన్నాళ్ళూ నాకు ఏ సరదా లేదు. రిటైరయ్యాక కెమెరా కొంటే, 'ఇక పెళ్ళిళ్ళకు ఫొటోలు తీయడానికి బయల్దేరతారా?' అని ఎగతాళి చేశావు. నాకెవరూ నేర్పలేదు. పాడుచేసుకుంటూ నేర్చుకున్నాను. పొద్దున మెట్ల మీద ఎండ పడే వేళకు ఒక ఫొటో తీసి, కంప్యూటర్లో తెరిచి, నీడగా ఉన్న భాగాన్ని మెల్లమెల్లగా వెలుగులోకి తేవడమంటే నాకెంత ఇష్టమో. ఒకసారి అలా తెస్తూ ఉంటే మెట్ల కింది చీకట్లోంచి పిల్లి బయటపడింది. తీసేటప్పుడు నాకు కనపడలేదు. అది మాత్రం అక్కడే కూర్చుని నన్నే చూస్తూ ఉంది. ఆ రోజంతా నేను గాల్లో తేలాను. నీకు చెప్పలేదు. అలాంటివి చెప్పడం నాకు రాదు.

గేటు ఫొటో కూడా అలాగే తెరిచాను. నడిమి ఊచ కొంచెం ఉబ్బినట్టు కనిపించింది. లెన్సు వల్ల ఒక్కోసారి అలా వస్తుంది, వంగినచోట మౌస్‌తో పట్టి లాగితే సర్దుకుంటుంది. లాగాను. పక్క ఊచ చూస్తే అదీ వంగి ఉంది. దాన్నీ లాగాను. మళ్ళీ మొదటిది చూస్తే ఇంకోచోట వంగింది. వంకర నేను చూసినచోటికల్లా వస్తోంది. అనుమానం అప్పుడే రావాల్సింది, రాలేదు. మధ్యాహ్నమంతా కూర్చుని, ఊచలన్నీ తిన్నగా చేశాననుకుని, ఇంట్లోనే ప్రింటు తీసి నీకు పంపాను.

నీ ఉత్తరం చదివిన రోజే ఆ ఫొటోకి ఇంకో ప్రింటు తీసి, కెమెరా కూడా పట్టుకుని స్టూడియోకి వెళ్ళాను. నువ్వు గళ్ళచొక్కా అని పేరు పెట్టిన కుర్రాడే ఉన్నాడు, ఆ వేళా గళ్ళచొక్కాలోనే.

"ఏంటి బాబాయ్, గేటు మందు కొట్టి నిలబడ్డట్టుంది?" అన్నాడు.

"సరిగ్గా చూడవయ్యా. నేనే సరిచేశాను."

"సరిచేశాక ఇలా ఉందా? అసలుది చూపించండి." కెమెరాలో చూపించాను. "ఇది నిక్షేపంలా ఉంది కదా. దీన్నెందుకు కెలికారు?"

వేళాకోళం అనుకుని అతని వైపు తిరిగాను. జేబు దగ్గర చొక్కా గళ్ళు లోపలికి గుంజుకుపోయి ఉన్నాయి.

"చొక్కా ఇస్త్రీ లేదా?" అన్నాను.

"ఇందాకే ఇస్త్రీ చేసి తొడుక్కున్నా బాబాయ్. మీకు మీ గేటూ నచ్చలేదు, నా చొక్కా కూడా నచ్చలేదు."

చూపు కాలరు మీదికి మార్చాను. జేబు సర్దుకుంది. కాలరు పక్క గళ్ళు గుంజుకుపోయాయి. భుజం వైపు చూశాను. అక్కడికీ వచ్చింది. పక్కనున్న బల్ల పట్టుకున్నాను. అతను నవ్వడం ఆపి స్టూలు జరిపాడు. "కూర్చోండి. మంచినీళ్ళు తెస్తాను," అన్నాడు.

ఇంటికి వచ్చి ఖర్చుల పుస్తకం తెరిస్తే గీతలు పాముల్లా కదిలాయి. అది మూసేసి, వాటి వైపు చూడకుండా ఉండటానికి తెల్ల పుస్తకం కొన్నాను. ఇంత పిరికివాణ్ణని నాకే తెలియదు. నా కుడికన్ను చిన్నప్పటి నుంచీ మసక. బతుకంతా ఎడమకంటితోనే లాక్కొచ్చాను. ఇప్పుడు చెడింది ఆ ఎడమదే.

డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆవిడ నా కంటి లోపలి ఫొటో తీసి తెర మీద పెట్టింది. నారింజ రంగు గుండ్రం, నడుమ నల్లటి మరక. మచ్చలు చెరిపే బ్రష్ ఒకటి నా కంప్యూటర్లో ఉంది. ఈ ఫొటో నాకిస్తే క్షణంలో తీసేస్తానే అనుకున్నాను. నా పిచ్చి ఆలోచన చూడు.

"ఎన్నాళ్ళుగా ఇలా ఉంది?" అంది ఆవిడ.

"ఈ మధ్యనే."

"పేపర్లో అక్షరాలు వంగినట్టు కనపడలేదా?"

కొత్త కళ్ళజోడు చేయించుకోవాలని నీతో అంటూ వచ్చింది ఆ అక్షరాల వల్లే.

"పోయిన చూపు తిరిగి రాకపోవచ్చండీ. ఉన్నది కాపాడుకోవాలంటే కంట్లోకి ఇంజెక్షన్ వేయాలి, వెంటనే మొదలుపెట్టాలి. ఆలస్యం చేస్తే మధ్య చూపు పోతుంది. పక్కలు కనపడతాయి, నడవగలరు. చదవడం, మొహాలు గుర్తుపట్టడం మాత్రం కష్టం. తోడు ఎవర్నయినా తెచ్చుకోండి."

ఇక అసలు సంగతి. ఆ ఇంజెక్షన్‌కు మొన్న ఒంటరిగా వెళ్ళాను. కంట్లో చుక్కలు వేసి, తలకు టోపీ పెట్టి బల్ల మీద కూర్చోబెట్టారు. నా ముందున్నాయన్ని లోపలికి తీసుకెళ్ళారు. తలుపు మూసుకుంది. లోపలి నుంచి ఏ చప్పుడూ రాలేదు. అరిచినా బాగుండేదేమో. నర్సు నన్ను పిలవకముందే లేచి, టోపీతోనే వీధిలోకి వచ్చేశాను. చుక్కలకు వీధంతా తెల్లగా మండిపోతోంది. గోడ తడుముకుంటూ ఇల్లు చేరాను. వాళ్ళు ఫోన్ చేస్తే తలనొప్పి అన్నాను. వచ్చే గురువారం రమ్మన్నారు. ఇక వాయిదా వద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పిందట.

రాత్రి దీపం తీస్తే ఇదివరకు గదిలో చీకటి ఉండేది, అంతే. ఇప్పుడు లేచి మళ్ళీ దీపం వేసి చూసుకుంటున్నాను.

ఇంకొకటి కూడా చేశాను, నవ్వకు. ఫొటో అనగానే చెయ్యి అడ్డం పెడతావు కదా. నీ మొహం పూర్తిగా పడినది ఒక్కటీ నా దగ్గర లేదు. ఉన్నవన్నీ నీ అరచేతులే. నిన్న వాటిలో ఒకటి తెరిచి ఆ చేతిని చెరిపాను. కంప్యూటర్ ఆ ఖాళీలో తనకు తోచిన మూతి పెట్టింది, తనకు తోచిన ముక్కు పెట్టింది. నీ కళ్ళ కింద ఎవరో మనిషి. భయమేసి తీసేశాను. అంతలో ఇంకో భయం పట్టుకుంది. రేపు నువ్వు గేటు తీసుకుని లోపలికి వస్తే, నీ అంచు కనపడి, మొహం ఉండాల్సినచోట ఆ మరక ఉంటే నేనేం చేయాలి?

గేటు ఫొటో, అసలుది, దీంతో పంపుతున్నాను. ఈసారి వేలు పెట్టలేదు. నాకు వంకరగా కనపడుతోంది, కాబట్టి తిన్నగానే ఉండాలి.

ఇన్నేళ్ళలో ఎక్కడికి వెళ్ళినా నిన్ను త్వరగా వచ్చేయమని నేను అనలేదు. ఇప్పుడు అంటున్నాను. వదిన కోడలు నాలుగు రోజులు సెలవు పెట్టగలదేమో అడుగు. బుధవారానికి వచ్చేయి. గురువారం ఆ తలుపు ముందు నేను మళ్ళీ లేచిపోతాను, నాకు తెలుసు. నువ్వు పక్కన ఉంటే లేవలేను. వెళ్ళే ముందు పొద్దున మెట్ల మీద ఒక్క నిమిషం కూర్చో. ఎండ బాగుంటుంది. ఆ చెయ్యి మొహానికి అడ్డం పెట్టకు. తర్వాత ఆసుపత్రిలో దాన్ని నాకివ్వు.

ఈ ఉత్తరంలో వరసలు కిందికి జారి ఉంటే కోప్పడకు. నాకు తిన్నగానే ఉన్నాయి.

ఇట్లు,
నీ రాక కోసం గేటు వైపు చూస్తూ,
మీ ఆయన