అక్కయ్య తరఫు సాక్ష్యం

బావగారికి నమస్కారం.

మీ వైద్య జ్ఞాపకాల పుస్తకం రెండుసార్లు చదివాను. నాలుగు పుస్తకాలు చదివినవాణ్ణి కనక చెబుతున్నాను, భాష బాగుంది, నిజం తక్కువైంది.

అక్కయ్యకి కడుపుతో ఐదో నెలలో రక్తం తగ్గిపోతుంటే, "మీ అక్క తిండి తినదు, నేనేం చెయ్యను?" అంటూ మీరు ఐరన్ మాత్రలు పెంచుతూ పోయారు. మీ ఆసుపత్రి ల్యాబులో పనిచేసే నేను, ఆమె రక్తం గొట్టానికి గుత్తులుగా అంటుకుందని చూపిస్తే, "ముందు గొట్టాలు కడగడం నేర్చుకోవోయ్" అన్నారు. ఆ గొట్టాన్ని నా అరచేతుల మధ్య వెచ్చబెట్టాను. గుత్తులు విడిపోయాయి. చలి తగిలితే రక్తం తనను తానే చంపుకునే అరుదైన జబ్బని అప్పుడు ఒప్పుకున్నారు. గది వెచ్చగా ఉంచి, రక్తాన్ని వెచ్చబరిచి ఎక్కించాక తల్లీబిడ్డా దక్కారు.

పుస్తకంలో ఆ అరచేతులు మీవయ్యాయి. ఉంచుకోండి. "ఆమె తిండి మీద అశ్రద్ధ చేసింది" అన్న వాక్యం మాత్రం తీసేయండి.

ఆ చలికాలం మధ్యాహ్నాలు అక్కయ్య ల్యాబు గుమ్మంలో ఎండకి కూర్చుని, నా క్యారేజీలో సగం లాక్కుని, "చూశావుగా, తింటున్నానురా! మీ బావతో చెప్పు" అని నవ్వేది. మీ కింద ఉద్యోగం కనక నోరు విప్పలేదు.

ఆమె పోయిన ఇన్నేళ్ళకి చెబుతున్నాను. తినేది, బావగారూ.

మీ బావమరిది