గేటు దగ్గర బాపు

మాదాపూర్,
5 జూన్, 1999

ప్రియమైన బిడ్డ రేణుకకు,

బాపు దీవెనలు. పట్నంలోని ఆ పెద్ద జూనియర్ కాలేజీ పరీక్షలో నువ్వు పాసయ్యావు! ఇంటర్‌లో సీటు, ఫీజు సగమే. వినగానే కాపలా కాసే గేటు దగ్గరే గంతేశాను.

కానీ ఒక మెలిక ఉంది. పద్నాలుగున తండ్రిని కూర్చోబెట్టి ఇంగ్లీషులో ప్రశ్నలడుగుతారట. ఇంట్లో చదువుకున్నవాళ్లు లేకపోతే పిల్ల ఇంగ్లీషు మీడియం తట్టుకోదని వాళ్ల లెక్క. ఏడో తరగతితో ఆగిన నేనేం మాట్లాడను? మా ఆఫీసు మేనేజరు ఉదయ్ భాస్కర్ సారు నీ తండ్రిగా వచ్చి కూర్చుంటానన్నాడు. డ్యూటీ మధ్యలో వచ్చి నేను బయట నిలబడతాను. అక్కడ మాత్రం నన్ను బాపూ అని పిలవకు తల్లీ.

నీ బాపు,
ఓదెలు


జనగామ,
8 జూన్

బాపుకు,

నీ ఉత్తరం అమ్మకు చదివి వినిపించాను. "మరి నన్నెవలకు పెండ్లాన్ని చేస్తడట మీ బాపు?" అని పడీపడీ నవ్వింది. నాకు మాత్రం ఒళ్లు మండింది. పదో తరగతిలో మండలం ఫస్టు వచ్చింది నేను, ఆ సారు కాదు. చదవబోయేదీ నేనే. నేను రాను.

కోపంతో,
రేణుక


మాదాపూర్,
10 జూన్

బంగారు తల్లికి,

కోపం నాకూ ఉంది. చూపిస్తే సీటు పోతుంది. ఇక్కడ అద్దాల మేడలు లేస్తున్నాయి. లోపలికి పోయేవాళ్లంతా అలాంటి కాలేజీల్లో చదివినవాళ్లే. నువ్వు నాలాగా బయట నిలబడి సలాం కొట్టొద్దు. ఒక్క గంట ఓర్చుకో. ఆదివారం బస్సెక్కు.

బాపు


జనగామ,
15 జూన్

ప్రియమైన బాపుకు,

నిన్న బస్సెక్కిస్తూ "ఎట్లయింది?" అని అడిగావు. "మంచిగైంది" అన్నాను. అబద్ధం.

"మీ నాన్నగారు ఏం చేస్తారమ్మా?" అని ప్రిన్సిపాల్ నన్నే అడిగాడు. సారు నోరు తెరవకముందే తెలుగులోనే చెప్పేశాను. "మా బాపు వాచ్‌మన్ సార్. ఖాకీ బట్టలల్ల గేటు కాడ నిలవడ్డడు. ఈ సారు మా బాపు కాదు." సారు ముఖం మాడిపోయింది. ప్రిన్సిపాల్ "కబురు చేస్తాం, వెళ్లండి" అన్నాడు.

కిటికీలోంచి చూస్తే నువ్వు ఎండలోనే ఉన్నావు. నువ్వు లోపలికి రాలేని కాలేజీలో నేను చదవను. ఇక్కడి సర్కారు కాలేజీలో ఎంపీసీకి దరఖాస్తు పెట్టాను. తిట్టాలనుంటే తిట్టు. మాట మాత్రం మార్చుకోను.

నీ బిడ్డ,
రేణుక


మాదాపూర్,
19 జూన్

ప్రియమైన నా మొండి బిడ్డకు,

నీకంటే ముందే సారు చెప్పాడు, "మీ అమ్మాయి నా పరువు తీసిందయ్యా" అని. నీ ఉత్తరం అందేదాకా నేనూ నీ మీద పళ్లు నూరాను.

నిన్న ఆ కాలేజీ నుంచి మా ఆఫీసుకు ఫోనొచ్చింది. నీ మార్కులు చూసి మనసు మార్చుకున్నారట. సీటిస్తారట, కానీ కాగితాల మీద గార్డియన్‌గా సారే సంతకం పెట్టాలట, మీటింగులకు సారే రావాలట.

"సంతకమే కదయ్యా, పెట్టేస్తాను" అన్నాడు సారు. మంచి మనసుతోనే అన్నాడు. నీ ఉత్తరం జేబులోనే ఉంది.

"బిడ్డ నాది సార్. దస్కతు గూడ నేనే పెడ్త" అన్నాను.

"అయితే సీటు పోతుంది ఓదెలూ."

"పోనియ్యిండ్రి సార్."

సర్కారు కాలేజీలో చేర్పించడానికి బుధవారం వస్తున్నాను. తెల్ల చొక్కా ఉతికి పెట్టమని అమ్మకు చెప్పకు. ఖాకీలోనే వస్తాను. అలవాటు కొద్దీ నేను గేటు దగ్గరే ఆగిపోతే, కాలేజీ అంతా వినబడేలా పిలువు.

నీ బాపు