డిష్‌కు ఎదురుగా ఏముంది?

కుప్పం,
3-10-2005

షంషుద్దీన్ గారికి నమస్కారం.

డిష్ తెచ్చిన మర్నాడు ఉదయం నా భార్య మునీశ్వరి మిద్దె మీదికి వెళ్లి వచ్చింది. నాకు కాఫీ ఇచ్చింది. సొరకాయ తరిగింది. గోడకు ఆనించిన డిష్‌ను చూపించి, "సాయంత్రం దీన్ని బిగించాల" అంది. పదకొండు గంటల వేళ కళ్లు తిరుగుతున్నాయంది. ఆటో వచ్చేలోపే పోయింది. ఆ సొరకాయను ఎవరూ వండలేదు.

డిష్ మీ మదనపల్లె అంగట్లో కొన్నది. బంధువుల పెళ్లికని వచ్చి, తిరుగు ప్రయాణంలో బస్సు టాపు మీద వేసుకుని తెచ్చింది. మా ఇంట్లో టీవీ చూసేది నేనే, అదీ వార్తలు. ఆమెకు సీరియళ్ల ఆసక్తి కూడా లేదు. కన్నడ చానల్ మాత్రం తప్పకుండా రావాలంది. ఎందుకని అడిగితే నవ్వింది.

రెండు విషయాలు తెలియజేయగలరు. ఒకటి, డిష్ బిగించే పద్ధతి. రెండు, దీన్ని ఎందుకు కొంటున్నదో ఆమె మీకేమైనా చెప్పిందా?

ఇట్లు,
వి. గోపాలస్వామి,
రిటైర్డు హిస్టరీ లెక్చరర్

తా.క. బోల్టుల పొట్లంలో ఎండిన తమలపాకు ఒకటి ఉంది. అదెక్కడ బిగించాలి?

---

మదనపల్లె,
8-10-2005

లెక్చరర్ సారుకు డిష్ షంషుద్దీన్ సలాములు.

మీ ఉత్తరం సూసి నేనూ మా ఇంటామె సుల్తానా ఆ పొద్దుకు అంగడి మూసేసినాము. అంత నవ్వుమొగం ఆయమ్మది.

మామూలుగా అయితే నేనే వచ్చి బిగిస్తును. కలికిరిలో ఒక మిద్దె మీద నుంచి నేనూ డిష్షూ కలిసే కిందికి వచ్చినాము. డిష్‌కు ఏమీ కాలేదు. నా కాలికి కట్టు కట్టినారు. కాబట్టి ఉత్తరంలోనే నేర్పిస్తా.

హార్స్‌లీ కొండ ఉండాది కదా, డిష్ వీపు దానికి పెట్టండి. మొగం పుంగనూరు తట్టు, రవంత తూరుపుకు. ఆడోళ్లు చెరిగే చాట మాదిరి పైకి ఎత్తండి. ముందర కొమ్మకు చిన్న బుడ్డి ఉంటాది, దాన్ని ఎల్‌ఎన్‌బీ అంటాం. దాని వైరు టీవీ పక్కన ఉండే రిసీవరు పెట్టెకు పోవాల. దిక్కు కుదిరిందంటే ఫ్రీ చానళ్లన్నీ వరస పెట్టి వస్తాయి, నెల నెలా ఎవురికీ ఏమీ కట్టే పనిలేదు. పదేండ్లుగా నాది ఇదే లెక్క. ఒక్క డిష్ కూడా తప్పలా.

రెండోది మాత్రం చెప్పలేను సారూ. మీకు చెప్పకూడదని ఆయమ్మ నా చేత ఒట్టేయించినాది. పోయినోళ్లకు ఇచ్చిన మాట. డిష్ బిగిస్తే మీకే తెలుస్తాది.

మీ మేలు కోరే,
షంషుద్దీన్

తా.క. తమలపాకు బిగించొద్దు. అది మా సుల్తానా ఆయమ్మకు ఇచ్చిన ఆకూవక్కలోది.

---

కుప్పం,
14-10-2005

షంషుద్దీన్ గారికి,

మీ కాలు త్వరగా కుదుటపడాలి.

కుప్పం నుంచి హార్స్‌లీ కొండ కనిపించదు. అందువల్ల పుంగనూరును ఆధారం చేసుకున్నాను. అది ఏ వైపని బస్టాండులో కండక్టరును అడిగితే ఉత్తరం చూపించాడు. డిష్‌ను అటు తిప్పాను. టీవీలో నీలం తెర మీద 'సిగ్నల్ లేదు' అని వచ్చింది. రెండు రోజులు అదే చూశాను.

నేను మిద్దె మీద తిప్పుతుంటే కింద టీవీ చూసి చెప్పడానికి పక్కింటి సిద్దప్పను కూర్చోబెట్టాను. ఆయన రైల్వేలో గేటు దగ్గర పనిచేసి రిటైరయ్యాడు. లేని రైలు కోసం ఎదురుచూడటం తనకు అలవాటే అంటున్నాడు.

ఒట్టు సంగతి అర్థమైంది. అయినా ఆలోచన ఆగడం లేదు. మీ దగ్గరికి రాకముందు మునీశ్వరి కర్ణాటకలోని ముళబాగిలులో అక్క ఇంటికి వెళ్లి కొన్నాళ్లు ఉంది. దానికీ ఈ డిష్‌కూ సంబంధం ఉందా? అవును, కాదు అని రాస్తే చాలు.

ఇట్లు,
గోపాలస్వామి

తా.క. పుంగనూరులో నాకెవరున్నారని వీధిలో అడుగుతున్నారు.

---

మదనపల్లె,
19-10-2005

లెక్చరర్ సారుకు,

తప్పు నాదే. ఆ కొండ, ఆ పుంగనూరు అంతా మదనపల్లె లెక్క. మాకు పుంగనూరు దక్షిణాన ఉండాది, మీకు ఉత్తరాన. నేను బిగించిన డిష్‌లన్నీ ఈ సుట్టుపక్కలే. పుంగనూరు దాటి పోయింది మీదే మొదలు. మీరు ఆగ్నేయం మూలకు, తిరుపత్తూరు తట్టు తిప్పండి. ఎదురుగా అడ్డం ఏమీ లేకుండా సూసుకోండి. గోరు మందం తిప్పడం, ఆగడం, అరవడం. అంతే.

అవును కాదు రాసినా ఒట్టు తప్పినట్టేనా అని మా మసీదు పెద్దాయన్ను అడిగినా. ఆయన అది ఇడిసిపెట్టి, "ఇంతకీ ఆయమ్మ యాల కొనె?" అని నన్నే అడిగినాడు. ఆయనకూ చెప్పలా.

మీ,
షంషుద్దీన్

తా.క. అన్నా, నేను సుల్తానాను. ఈయన చెప్పిన దోవలో పోయి ఊరు చేరినోళ్లు లేరు. మా పెండ్లికి ముందర మా నాయన చిత్తూరికి దోవ అడిగితే చింతామణికి పంపించినాడు. పాపం, ఆడ ఒక రాత్రి ఉండి వచ్చినాడు.

---

కుప్పం,
25-10-2005

షంషుద్దీన్ గారికి, సుల్తానమ్మకు,

నిన్న డిష్‌ను తిరుపత్తూరు వైపు తిప్పాను. గోరు మందం తిప్పి, ఆగి, "వచ్చిందా?" అని అరిచాను. జవాబు లేదు. మళ్లీ తిప్పి మళ్లీ అరిచాను. చివరికి దిగి చూస్తే సిద్దప్ప కుర్చీలో వెనక్కి వాలి పంజాబీ డాన్సు చూస్తున్నాడు.

"వచ్చిందని చెప్పాలి కదయ్యా."

"యాల అరుస్తావు సామీ, సూస్తాండాను కదా" అన్నాడు.

చానళ్లు చాలా వచ్చాయి. బెంగాలీలో చేపల పెంపకం గురించి ఒక గంట చూశాను. బాగుంది. కన్నడ మాత్రం నిలవడం లేదు. బొమ్మ గళ్లుగళ్లుగా విడిపోతోంది. వార్తలు చదివే అమ్మాయి నుదురు ఒకచోట, గడ్డం ఒకచోట. వాన పడితే అదీ లేదు.

ఎదురుగా ఏమీ అడ్డం లేదు.

ఇట్లు,
గోపాలస్వామి

తా.క. సిద్దప్ప తన కుర్చీ మా ఇంట్లోనే వదిలి వెళ్తున్నాడు.

---

మదనపల్లె,
31-10-2005

లెక్చరర్ సారుకు,

దిక్కు కుదిరినాది, సంతోషం. కన్నడ చానల్ సిగ్నల్ రవంత నీరసం. ఏదన్నా అడ్డమొస్తే ముందు పోయేది అదే. అడ్డం లేదని రాసినారు. లేకుండా గళ్లు రావు సారూ. కొబ్బరి మట్ట ఉండాదా? రేకు? నీళ్ల డ్రమ్ము? తడిగుడ్డ ఉన్నా సాలు, పాడు చేస్తాది. లేకపోతే మీరే అడ్డం నిలబడి ఉండారేమో, పక్కకు జరిగి సూడండి.

తొందరగా కానీండి. ఎందుకని అడగొద్దు.

మీ,
షంషుద్దీన్

తా.క. అన్నా, ఒట్టేసింది ఆయన, నేను కాదు. అందుకని పోస్టుకు పోయే ముందర రాస్తాండా. వదిన ముళబాగిలు పోయింది అక్కను సూసేకి కాదు. ఆడోళ్ల గుంపుతో బెంగుళూరు పోయి, పెండ్లిలో పాడే సోబానె పాటలు టీవీకి పాడొచ్చినాది. ఈ దీపావళి అయినాక వచ్చే ఆదివారం పొద్దున ఎనిమిదికి కన్నడంలో ఏస్తారంట. ఆకుపచ్చ పట్టుచీర, రెండో వరస, కొనాకు. "ఇంట్లో పాటకు నోరు తెరిస్తే రేడియో ఆపు అంటాడు మా సారు. టీవీలో అయితే కూసోని ఇంటాడు, సూడు" అనె. ఇద్దరం నవ్విన నవ్వుకు అంగట్లో ఉండే బల్ల కాలు ఇరిగినాది. ఈయన కాలు ఇరిగింది ఆ తరువాత.

---

కుప్పం,
5-11-2005

షంషుద్దీన్ గారికి, సుల్తానమ్మకు,

ఉత్తరం నిన్న అందింది. షంషుద్దీన్ గారు మాట తప్పలేదు. రేడియో సంగతి నిజమే.

ఎదురుగా ఏమీ లేదని రాశాను. ఉంది. ఆకుపచ్చ పట్టుచీర. ఆ రోజు ఉదయం ఆమె మిద్దె మీదికి వెళ్లింది దాన్ని ఎండకు వేయడానికే. బెంగుళూరులో కట్టిన చీర అని నాకు తెలియదు. తీగ మీద ఎలా ఆరవేసిందో అలాగే ఉంది. ఇంట్లో పనిచేసే అంకమ్మ తీయబోతే వద్దన్నాను. వానకు తడిసింది, ఒక పక్క రంగు వెలిసింది. దానికి తగలకుండా డిష్‌ను కొంచెం ఎడంగా పెట్టాను. తిరుపత్తూరు వైపు తిప్పేసరికి డిష్ ముఖం సరిగ్గా చీరకే వచ్చింది. దాన్ని అడ్డం అనుకోలేదు.

ఇందాక సిద్దప్ప వచ్చి, "రేపు పొద్దున పంజాబీ పెడతావా సామీ?" అన్నాడు. లేదన్నాను.

"మరేముండాది?"

"మునీశ్వరి పాట."

"ఆయమ్మ పాడతాదా?" అన్నాడు.

"నాకూ తెలియదు. రేపు వినాలి."

ఇంటికి వెళ్లి ఇస్త్రీ చొక్కా తీసి పెట్టుకున్నాడట. వాళ్లావిడ చెప్పింది.

ఇట్లు,
గోపాలస్వామి

తా.క. పట్టుచీర ఎలా మడవాలో అంకమ్మను అడిగి తెలుసుకున్నాను. రేపు ఉదయం ఆరు గంటలకు మిద్దె ఎక్కి దాన్ని తీస్తాను.