బురుల్చా చేతి టోపీ

ఫిబ్రవరి 9
మనవరాలు పుట్టి తొమ్మిది రోజులు. ఇంట్లో అందరి నోటా ఒకటే పేరు. అది పిల్లది కాదు, మా వియ్యపురాలు బురుల్చాది. నలభయ్యో రోజు స్నానం అయ్యాక పిల్లకు పెట్టే టోపీ తనే అల్లుతానని వాళ్ళ ఊరు అట్-బాషీ నుంచి ఫోన్ చేసింది. మా కోడలు జిబెక్ పొంగిపోయి, మా అమ్మ చెయ్యి పడితే మేక బొచ్చు కూడా మబ్బయిపోతుంది అత్తయ్యా, అంది. నా కొడుకు నూర్దిన్ తలూపాడు. వాడి ఒంటి మీద ఉన్నది ఆమె అల్లిన స్వెటరే. నేను కొన్నది బీరువాలో ఉంది. లేబుల్ కూడా తియ్యలేదు.

ముప్పై ఒక్క ఏళ్ళు ఈ నారిన్ ఊరి స్కూల్లో జాగ్రఫీ చెప్పాను. నదులన్నీ నోటికి వచ్చు. సూది పట్టడం రాదు. మొదటి టోపీ ఎవరి చేతిదైతే పిల్లకు వాళ్ళ బుద్ధులు వస్తాయంటుంది పక్కింటి షార్కన్. ఇలాంటివి మూఢనమ్మకాలని క్లాసులో ఎన్నిసార్లు చెప్పానో. మధ్యాహ్నం బజారుకెళ్ళి రెండు ఉండల ఎర్ర ఊలు, సూదులు కొన్నాను.

ఫిబ్రవరి 10
షార్కన్ నేర్పింది. నలుచదరం ముక్క అల్లి, మధ్యకు మడిచి, వెనక కుట్టి, రెండు తాళ్ళు పెడితే టోపీ అయిపోతుందట. కొలతకు నీ మోకాలు చాలు, పసిపిల్ల తల అంతే ఉంటుంది, అంది. చలికాలం నా మోకాళ్ళు వాస్తాయని ఆమెకు చెప్పలేదు.

నా కుట్లు చూసి పకపకా నవ్వింది. ఇదేంటి టీచరమ్మా, ఎవరి పీక పిసుకుతున్నావు, సూది దూరడానికి సందే లేదు, అంది. ఎవరిదో నాకు తెలుసు.

ఫిబ్రవరి 13
నలభై కుట్లు వేశాను. నాలుగో వరసకి నలభై మూడయ్యాయి. ఆ మూడూ ఎక్కడి నుంచి ఊడిపడ్డాయో.

ఫిబ్రవరి 20
ఎర్ర టోపీ అయింది. పిల్లకు పెడితే గడ్డం దాకా దిగింది. జిబెక్ నవ్వు ఆపుకొని, పైయేటికి సరిపోతుంది లెండి అత్తయ్యా, అంది. మంచి పిల్ల. అందుకే ఇంకా మండింది.

సాయంత్రం మినీబస్సు డ్రైవర్ బురుల్చా మూట తెచ్చిచ్చాడు. నీలం రుమాలు, రెండు ముళ్ళు. వెంటనే ఫోన్. గొర్రెలు ఈనే రోజులట, ముందుగా రావడం కుదరదట. నలభయ్యో రోజు తన చేత్తోనే విప్పుతుందట, అందాకా పిల్ల తల్లి కూడా చూడకూడదట. నీ చేతిలో పెడుతున్నాను వదినా, నువ్వైతే నాకు నిశ్చింత, అంది. పెట్టెలో పెట్టి తాళం వేశాను. తాళంచెవి నా దగ్గరే.

ఫిబ్రవరి 21, మధ్యాహ్నం
మూట విప్పాను.

ఊదితే ఎగిరిపోయేలా ఉంది. తెల్ల మేక బొచ్చు, తనే వడికింది. ఒక్క కుట్టు పెద్దది లేదు, ఒక్కటి చిన్నది లేదు. నడినెత్తిన దిష్టికి గుడ్లగూబ ఈక. ఎవరి దిష్టి అనుకుందో! నాకు కడుపు మండిపోయింది. డైరీలో కూడా దాచుకోవడం ఎందుకు?

అంచు ఎలా ముగించిందో అంతు చిక్కలేదు. ఒక్క వరస విప్పి చూసి మళ్ళీ వేసేస్తాను.

అదే రోజు, నాలుగు గంటలు
కొస లాగితే పరుగెత్తింది. ఒళ్ళో టోపీ లేదు. లగ్మాన్ నూడుల్స్‌లా వంకర్లు తిరిగిన ఊలు, ఒక ఈక ఉన్నాయి.

మొదటి రెండు వరసలు పొరపాటే. తర్వాత ఆపగలిగేదాన్ని. ఆపలేదు.

ఫిబ్రవరి 27
గది తలుపేసుకుని ఆ ఊలుతోనే అల్లుతున్నాను. ఇది మూడోసారి. ఆమె టోపీని ఆమె టోపీలాగే చేసి పెట్టేద్దామనే, ఒట్టు. ఊలు సన్నం, నా చెయ్యి మోటు. నాలుగు చోట్ల తెగింది.

మార్చి 5
అయింది. ఒక చెవి వైపు పొడుగు, పదకొండు చిల్లులు. ఇంకోసారి విప్పితే ఊలు మిగలదు.

ఎర్రది మాత్రం విప్పి చిన్నదిగా అల్లితే చక్కగా కుదిరింది. ఆమెది పాడుచేస్తూ చేస్తూ నాకు చెయ్యి తిరిగింది.

నిజం చెప్పేద్దామని రెండుసార్లు ఫోన్ తీశాను. రెండోసారి ఆ ఆలోచన వచ్చింది. చెప్పకపోతే? మూటలో ఇదే ఉంటే? పక్కన నా ఎర్ర టోపీ ఉంటే?

మార్చి 8
మహిళా దినోత్సవం. నూర్దిన్ నాకు మూడు తులిప్ పువ్వులిచ్చి తిండికి కూర్చున్నాడు. అత్తగారికి ఫోన్లో పావుగంట శుభాకాంక్షలు.

మార్చి 11
ఈక కుట్టాను. నీలం రుమాలు, రెండు ముళ్ళు.

మార్చి 12
నలభై చెంచాల నీళ్ళు లెక్కపెట్టి పోశాం, నలభై చిన్న రొట్టెలు పంచాం. బురుల్చా వచ్చింది. ఆమె కళ్ళలో తెల్లటి పొర. పెళ్ళిలో నేను గమనించలేదు.

మూట తనే విప్పింది. ఆడవాళ్ళంతా ముందుకు వంగారు. షార్కన్ నోరు ఊరుకోదు కదా, అట్-బాషీలో ఇదా ఇప్పటి ఫ్యాషన్, అంది. బురుల్చా వేళ్ళతో ఆ చెవి నుంచి ఈ చెవి దాకా తడిమింది. మళ్ళీ తడిమింది. ఇంత బిగువు నా చెయ్యి ఎప్పుడూ వెయ్యలేదే, అంది మెల్లగా. అల్లేటప్పుడు బాగానే ఉందనుకున్నాను వదినా, కళ్ళు పోతే పోయాయి, వేళ్ళు కూడా అబద్ధం చెబుతున్నాయన్నమాట, అంది. దాన్ని సంచిలో దాచేసుకుని, పక్కనే పెట్టిన నా ఎర్ర టోపీ అడిగి తీసుకుని, తన చేత్తోనే పిల్లకు పెట్టింది.

అందరూ నన్ను మెచ్చుకున్నారు. గెలిచాను. ఒక అరగంట చాలా బాగుంది.

వెళ్తూ వెళ్తూ తన సూదులు నా చేతిలో పెట్టింది. పెళ్ళైన ఏడాది మొగుడు సైకిలు చక్రం పుల్లలు అరగదీసి చేసిచ్చాడట. ఆయన పోయి పన్నెండేళ్ళయింది. నాకిక ఎందుకు వదినా, నువ్విప్పుడే మొదలుపెట్టావు, అంది. తీసుకున్నాను.

మార్చి 15
జిబెక్ కళ్ళు ఎర్రబడ్డాయి. వాళ్ళమ్మ ఊలు మూటలన్నీ ఊళ్ళో పంచేసిందట. చారులో ఉప్పు వేశానా లేదా అని కూడా పక్కింటివాళ్ళనే అడుగుతోందట, తన చేతి మీద తనకే నమ్మకం లేక.

ఆమె చెయ్యి పడిపోవాలనే కదా కోరుకున్నాను. పడిపోయింది. పిల్ల ఎర్ర టోపీలో నిద్రపోతోంది. అటు చూడలేకపోతున్నాను.

మార్చి 17, పొద్దున
మొదటి బస్సుకి వెళ్తున్నాను. సూదులు సంచిలో ఉన్నాయి.

మార్చి 17, అట్-బాషీ
చెప్పాను. బురుల్చా లేచి లోపలికెళ్ళింది. ఆ వంకర టోపీ తెచ్చి, లాగు, విప్పడం నీకు బాగా వచ్చుగా, అంది. నేను విప్పాను. తెగిన చోటల్లా ఉమ్ముతో తడిపి, అరచేతుల్లో రుద్ది అతికించింది. ఆ సూదుల మీద కుట్లు వెయ్యడం మొదలుపెట్టింది. చూడకుండానే. ఒక్కటి పెద్దది లేదు, ఒక్కటి చిన్నది లేదు.

ఇప్పటికీ కుళ్ళుగానే ఉంది.